మైక్రోవేవ్‌లో గుడ్డు, లంచన్ మీట్ టిఫిన్: పేలకుండా, రబ్బరులా బిగియకుండా చేసుకోవడం ఎలా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. భీమవరంలో అద్దె గదిలో ఉంటున్నారు, గ్యాస్ పొయ్యి లేదు, 20 లీటర్ల మామూలు మైక్రోవేవ్ ఒకటి ఉంది. కువైట్ నుంచి వచ్చిన మీ మేనత్తగారు చికెన్ లంచన్ మీట్ (రుబ్బి, ఉడికించి డబ్బాలో మూసిన కోడి మాంసం) డబ్బాలు ఆరు ఇచ్చి వెళ్లారు. ఉదయం ఏడున్నరకల్లా గది దాటాలి కనుక కప్పులో గుడ్లు కొట్టి, మాంసం ముక్కలు వేసి, రెండు నిమిషాలు పెడుతున్నారు. ఒకరోజు గుడ్డు పేలుతోంది, ఇంకొకరోజు అడుగున బిగిసిపోయి నీళ్లు ఊరుతోంది, మాంసం అంచులు మాత్రం ఎండు చేపలా గట్టిపడుతున్నాయి. ఎంతసేపు పెట్టాలి, రోజూ తినవచ్చా, గదిలోని మిత్రుడికి కూడా అదే దఫాలో చేయవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

సూటిగా చెబుతాను. రెండు నిమిషాలు ఏకబిగిన పెట్టడం దగ్గరే తేడా వస్తోంది. మాంసాన్ని ముందు విడిగా ఒకసారి వేడి చేసి, దాని మీద గిలక్కొట్టిన గుడ్లు పోసి, 30 సెకన్లు, 20 సెకన్లు, 15 సెకన్లు అని మూడు విడతలుగా, విడతకొకసారి కలుపుతూ పెట్టండి. పైన ఇంకా కొంచెం తడి మెరుస్తూ ఉండగానే ఆపేసి, సాసరు మూత వేసి ఒక నిమిషం వదిలేయండి. మిగిలిన ఉడుకు ఆ మూత కిందే పూర్తవుతుంది. ఇది 800 వాట్ల ఓవెన్‌కు, బయట ఉంచిన రెండు మామూలు గుడ్లకు నేను వాడే లెక్క. ఇక రోజూ తినడం గురించి అడిగారు కనుక, వారానికి ఒకటి రెండు సార్లకు మించవద్దని నా సలహా. కారణం కింద రాస్తాను.

నేను కువైట్‌లో ఒక కార్యాలయం పాంట్రీలో తొమ్మిదేళ్లు పనిచేశాను. అక్కడ పొయ్యి వెలిగించడానికి అనుమతి లేదు, రెండు మైక్రోవేవ్‌లు, ఒక టోస్టరు, ఒక నీళ్ల కెటిల్ మాత్రమే ఉండేవి. ఉదయం ఏడు నుంచి ఎనిమిది లోపు ఇరవై మందికి పైగా టిఫిన్ అడిగేవారు. ఇప్పుడు పాలకొల్లులో ఉద్యోగులకు చిన్న మెస్ నడుపుతున్నాను, ఇక్కడ పొయ్యి ఉంది కాని, ఆలస్యంగా లేచి పరుగెత్తుకొచ్చే వారి కోసం మైక్రోవేవ్ గుడ్డు ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను.

ముందు గుడ్డు ఎందుకు చెడుతోందో చూడండి. మైక్రోవేవ్ పదార్థాన్ని లోపలి నుంచి ఉడికిస్తుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఆ తరంగాలు అంచు నుంచి ఒకటి రెండు సెంటీమీటర్ల లోతు వరకే గట్టిగా పనిచేస్తాయి, అక్కడి నుంచి నడిమికి వేడి మెల్లగా పాకవలసిందే. అందువల్ల కప్పు గోడకు అంటుకున్న గుడ్డు గట్టిపడిపోయినా నడుమ ఇంకా జారుగానే ఉంటుంది. తెల్లసొన సుమారు 62 డిగ్రీల దగ్గర చిక్కబడడం మొదలుపెట్టి, 80 డిగ్రీలకు బాగా గట్టిపడుతుంది. పచ్చసొన 65, 70 డిగ్రీల మధ్య బిగుస్తుంది. నడుమ ఉడకాలని మీరు ఇంకో నిమిషం పెంచితే అంచున ఉన్న మాంసకృత్తులు మరీ ముడుచుకుని, తాము పట్టి ఉంచిన నీటిని పిండినట్టు వదిలేస్తాయి. మీ కప్పు అడుగున ఊరుతున్న నీళ్లు అవే. మధ్యలో ఆపి, అంచున గట్టిపడుతున్న దానిని చెంచాతో నడుమకు లాగి, నడుమ జారుగా ఉన్న దానిని అంచుకు తోస్తే ఈ సమస్య సగానికి పైగా తీరిపోతుంది.

పేలడానికి కారణం వేరు. పచ్చసొన చుట్టూ పలుచని పొర ఉంటుంది. లోపల ఆవిరి పుట్టి బయటికి దారి దొరకనప్పుడు ఆ పొర ఒక్కసారిగా చిట్లుతుంది. గుడ్లు గిలక్కొడితే ఆ పొర ఉండదు, పేలుడూ ఉండదు. పచ్చసొన నిండుగా కావాలనుకుంటే పళ్లపుల్లతో మూడు నాలుగు చోట్ల పొడవండి. పెంకుతో ఉన్న గుడ్డును, పెంకు తీసిన ఉడికిన గుడ్డును మైక్రోవేవ్‌లో ఎప్పుడూ పెట్టవద్దు. రెండవది ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది చూడడానికి ఏ అపాయమూ లేనట్టు ఉంటుంది. మా పాంట్రీలో ఒక ఉద్యోగి ఇంటి నుంచి తెచ్చుకున్న ఉడికిన గుడ్డును నలభై సెకన్లు వేడి చేసుకున్నారు. ఓవెన్‌లో ఏమీ కాలేదు. బల్ల దగ్గరకు తీసుకువెళ్లి ఫోర్కు గుచ్చగానే టపాసులా పేలి, పచ్చసొన ఆయన చొక్కా మీద, ఎదుటి గోడ మీద, నా కనుబొమల మీద పడింది. ఆయన చెంప మీద పెసరగింజంత బొబ్బ వచ్చింది. కంటికి తగలకపోవడం అదృష్టం. మరునాటి నుంచి ఉడికిన గుడ్డు వేడి కావాలన్న వారికి గిన్నెలో కెటిల్ నీళ్లు పోసి, అందులో గుడ్డు వేసి ఇచ్చేదానిని.

ఇప్పుడు మాంసం సంగతి. లంచన్ మీట్ అంటే మెత్తగా రుబ్బిన మాంసంలో ఉప్పు, పిండిపదార్థం, సోడియం నైట్రైట్ కలిపి, డబ్బాలో మూసి ఉడికించినది. ఈ రకంలో అన్నిటికంటే పేరుపొందిన స్పామ్‌ను అమెరికాలో హార్మెల్ సంస్థ 1937లో తెచ్చింది. అది పంది మాంసంతో చేసినది. కువైట్‌లో పంది మాంసం నిషేధం కనుక అక్కడి నుంచి మన కోనసీమకు, పశ్చిమ గోదావరికి పెట్టెల్లో వచ్చేవి కోడి, టర్కీ కోడి, గొడ్డు మాంసం డబ్బాలే. బొమ్మను చూసి నిర్ణయించుకోక, పక్కన రాసిన పదార్థాల జాబితా చదవండి. మాకు తెలిసిన ఒక ఇంట్లో కోడి అనుకుని మూడు నెలలు తిన్నాక అది గొడ్డు మాంసమని తెలిసి పెద్ద రభస జరిగింది.

డబ్బాలో అది ముందే ఉడికి ఉంటుంది, కాబట్టి మీరు ఉడికించవలసిన పని లేదు, వేడి చేస్తే చాలు. అయితే ఉప్పు ఎక్కువగా ఉన్న పదార్థం మైక్రోవేవ్ శక్తిని పైపొరలోనే పీల్చుకుంటుంది. అందువల్ల గుడ్డు ఇంకా ఉడకకముందే మాంసం అంచులు చిటపటలాడి గట్టిపడతాయి. నేను చేసే పద్ధతి ఇది: 30 గ్రాముల మాంసాన్ని, అంటే మీ చూపుడువేలంత పొడవు, రెండు వేళ్లంత వెడల్పు ఉన్న ముక్కను శనగగింజంత ముక్కలుగా తరగాలి. అందులో ఒక చెంచా సన్నని ఉల్లి తరుగు, అర పచ్చిమిరపకాయ వేసి, మూత వదులుగా పెట్టి 40 సెకన్లు వేడి చేయాలి. ఉల్లి నీరు వదిలి మెత్తబడుతుంది, మాంసం నుంచి కొవ్వు కరిగి కప్పు అడుగున పలుచగా పరుచుకుంటుంది. ఆ కొవ్వే కప్పుకు రాసిన నూనెలా పనిచేస్తుంది, కనుక వెన్న, నెయ్యి వేరుగా అక్కరలేదు. ఉల్లి పచ్చిగా గుడ్డులో కలిపేస్తే దాని నీరంతా గుడ్డులోకి దిగుతుంది, ఉల్లి మాత్రం పచ్చి వాసన వేస్తూనే ఉంటుంది.

కారం గురించి ఒక మాట. మైక్రోవేవ్‌లో పోపు వేగదు. మనవాళ్లు అలవాటు కొద్దీ గుడ్డులో కారం, పసుపు, గరం మసాలా గుమ్మరిస్తారు, తరువాత పచ్చి వాసన వస్తోందని ఓవెన్‌ను తిడతారు. కారం వేయదలచుకుంటే చిటికెడు, అదీ మొదటి విడతలో మాంసం కొవ్వుతో పాటు వేయండి. లేకపోతే చివరిలో మిరియాల పొడి చల్లుకోవడం అన్నిటికంటే సుఖం. కరివేపాకు వేయకండి, ఆకు ఎండి అంచులు మాడతాయి. ఉప్పు అసలు వేయవద్దు. మాంసంలో ఉన్నది రెండు గుడ్లకు సరిపోయి ఇంకా మిగులుతుంది.

మాంసం వేడయ్యాక ఒక నిమిషం ఆగి, గిలక్కొట్టిన గుడ్లు పోయండి. వెంటనే పోస్తే మాంసం చుట్టూ గుడ్డు అప్పటికప్పుడే గడ్డకడుతుంది. గుడ్లలో రెండు పెద్ద చెంచాల పాలు కలిపితే మాంసకృత్తులు అంత గట్టిగా ముడుచుకోవు, గుడ్డు మెత్తగా వస్తుంది. మా ఇంట్లో పాలకు బదులు చిక్కటి కొబ్బరిపాలు ఒకటిన్నర చెంచా వేస్తాం. కొబ్బరిపాలు గుడ్డుకు బాగుంటాయి కాని, లంచన్ మీట్ ఉప్పదనానికి కాస్త తీపి తగులుతుంది. మా అత్తగారికి అది ఇష్టం, నాకు కాదు. తరువాత 30 సెకన్లు, కలపడం. 20 సెకన్లు, మళ్లీ కలపడం. 15 సెకన్లు, ఆపడం. మూడవ విడతలో గుడ్డు కప్పులో పైకి పొంగుతుంది, బయటికి తీయగానే దిగిపోతుంది, దానికి కంగారు పడనక్కరలేదు. పొంగుతుంది కనుకనే కప్పు 350 మిల్లీలీటర్లకు తగ్గకూడదు, గుడ్లు పోశాక సగానికి మించకూడదు. కప్పును తిరిగే పళ్లెం నడిబొడ్డున కాక అంచుకు పెట్టండి. నడుమ పెడితే ఉన్నచోటే తిరుగుతుంది, అంచున పెడితే ఓవెన్‌లోని వేడి చోట్లు, చల్లని చోట్లు అన్నీ దాటుతుంది.

ఇక్కడ పవర్ బటన్ గురించి కూడా చెప్పాలి. సగం పవర్‌లో పెడితే మెత్తగా ఉడుకుతుందని చాలా చోట్ల రాస్తారు. తక్కువ శక్తిని ఆగకుండా ఇవ్వగల ఇన్వర్టర్ రకం ఓవెన్లలో అది నిజమే. మీ దగ్గర ఉన్నటువంటి మామూలు రకంలో సగం పవర్ అంటే పూర్తి పవర్ కాసేపు వెలగడం, కాసేపు ఆగిపోవడం. ఆ చక్రం ఒక్కొక్క ఓవెన్‌లో 20, 30 సెకన్లు ఉంటుంది. మీరు పెట్టేదే 30 సెకన్లు అయినప్పుడు అందులో ఎంతసేపు వెలిగిందో మీకు తెలియదు. చెవి పెట్టి వింటే గుర్ మనే శబ్దం మారడం తెలుస్తుంది. అందుకే నేను పూర్తి పవర్‌లో పెట్టి, ఆపడం, కలపడం నా చేతిలోనే ఉంచుకుంటాను.

మీ ఓవెన్ నిజంగా ఎన్ని వాట్లదో తెలుసుకోవడం మంచిది. వెనుక చీటీ మీద ఉండే 1100, 1200 అన్న అంకె అది కరెంటు తీసుకునే లెక్క. పదార్థానికి అందేది 700 లేదా 800 వరకే. ఇంట్లో చూసుకోవడానికి సులువైన దారి ఉంది. గాజు గిన్నెలో ఒక లీటరు నీళ్లు పోసి, వంటింటి థర్మామీటరుతో వేడి చూసి, సరిగ్గా 60 సెకన్లు పూర్తి పవర్‌లో పెట్టి, కలిపి, మళ్లీ చూడండి. పెరిగిన డిగ్రీలను 70తో గుణిస్తే వాట్లు వస్తాయి. మా మెస్‌లో మధ్యాహ్నం చూస్తే 28 నుంచి 39కి వెళ్లింది, అంటే 770. ఒకరోజు తెల్లవారుజామున చూస్తే 29 నుంచి 37కే వెళ్లింది, అంటే 560. ఓవెన్ ఏమీ చెడలేదు. రొయ్యల చెరువుల నీటిలో ఆక్సిజన్ తగ్గే వేళ అది, చుట్టూ నీటిలో గాలి కలిపే ఏరేటర్లన్నీ తిరుగుతుంటాయి, మా వీధికి వోల్టేజీ పడిపోతుంది. మీరూ చెరువుల నడుమే ఉన్నారు కనుక, నిన్న సరిగ్గా కుదిరిన 65 సెకన్లు ఈ రోజు చాలకపోతే గుడ్డును అనుమానించే ముందు ట్యూబ్‌లైటు వైపు చూడండి. అలాంటి రోజు చివరి విడతను 10 సెకన్ల చొప్పున పెంచుకుంటూ పోవడమే.

గుడ్ల వల్ల కూడా లెక్క మారుతుంది. మన తణుకు, అనపర్తి ఫారాల గుడ్డు సుమారు 50, 55 గ్రాములు ఉంటుంది. నాటుకోడి గుడ్డు అంతకంటే చిన్నది, అందులో పచ్చసొన వాటా ఎక్కువ, కాబట్టి చివరి విడత 10 సెకన్లు చాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లయితే మొత్తం మీద 10, 15 సెకన్లు కలపండి.

పాత్ర విషయంలో మన ఇళ్లలో జరిగే పొరపాట్లు మూడు. స్టీలు గ్లాసు పెట్టకూడదని అందరికీ తెలుసు, కాని పెళ్లిలో చదివించిన పింగాణీ కప్పుకు ఉన్న బంగారు అంచు కూడా లోహమే, నిప్పురవ్వలు లేస్తాయి. మెలమైన్ పళ్లాలు చూడడానికి పింగాణీలా ఉంటాయి కాని, తామే వేడెక్కిపోతాయి, మైక్రోవేవ్‌కు పనికిరావు. మూడవది లంచన్ మీట్ డబ్బానే లోపల పెట్టేయడం. నవ్వకండి, మా మెస్‌కు వచ్చే ఒక ఇంజనీరుగారే ఆ పని చేశారు.

రోజూ తినవచ్చా అన్న దానికి వస్తాను. పేరున్న ఆ స్పామ్ డబ్బా మీద 56 గ్రాములకు 790 మిల్లీగ్రాముల సోడియం అని ఉంటుంది. ఆ లెక్కన 30 గ్రాముల ముక్కలోనే 420 మిల్లీగ్రాములు దాటుతుంది. పెద్దవారికి రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాములకు లోపు ఉండాలని, అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు అని, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మధ్యాహ్నం ఆవకాయ, రాత్రి ఎండు చేపల కూర ఉన్న ఇంట్లో ఆ మిగిలిన లెక్క ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. అదికాక, ఇలా నిల్వ కోసం శుద్ధి చేసిన మాంసాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తినేవారిలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని తెలిపింది. ఎప్పుడో ఒకసారి తింటే భయపడవలసినది కాదు, కాని ఆరు డబ్బాలు ఉన్నాయి కదా అని నెలరోజుల్లో ఖాళీ చేయవద్దు. మూసి ఉన్న డబ్బా ఎలాగూ గడువు తేదీ వరకు బయటే ఉంటుంది. మిగిలిన రోజుల్లో ఇదే పద్ధతిలో మాంసానికి బదులు ఉడికించిన బంగాళదుంప ముక్కలు గాని, రాత్రి మిగిలిన కోడి వేపుడు ముక్కలు గాని వేసుకోండి. బీపీ ఉన్నవారు ఇంట్లో ఉంటే వారికి ఇది పెట్టకపోవడమే మేలు.

డబ్బా తెరిచాక జాగ్రత్త అవసరం. 340 గ్రాముల డబ్బాలో 30 గ్రాముల ముక్కలు పదకొండు వస్తాయి, మీ ఒక్కరికి అది ఎక్కువ. తెరిచిన రోజే మొత్తం ముక్కలు చేసి, మూడింటిని మూత గట్టిగా ఉన్న గాజు డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడండి. మిగిలినవాటిని బటర్ పేపరు మధ్య పెట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి. కరిగాక కొంచెం పొడిపొడిగా అవుతుంది, గుడ్డులో తెలియదు. తెరిచిన మాంసాన్ని ఆ రేకు డబ్బాలోనే ఉంచవద్దు. తుఫాను రోజుల్లో కరెంటు నాలుగు గంటలకు మించి పోతే, ఫ్రిజ్‌లో తెరిచి ఉన్న మాంసాన్ని వాసన చూసి నిర్ణయించకండి, పారేయండి. సూపర్ మార్కెట్‌లో చల్లగా అమ్మే చికెన్ సలామీ ముక్కలకు కూడా ఇదే వర్తిస్తుంది. అటువంటి చల్లని మాంసంలో లిస్టీరియా అనే సూక్ష్మజీవి ఫ్రిజ్ చలిలోనూ పెరగగలదు, కాబట్టి గర్భిణులకు, వృద్ధులకు పెట్టేటప్పుడు మాంసం పొగలు కక్కేంత వేడి చేయాలి, గుడ్డు తడి లేకుండా పూర్తిగా గట్టిపడాలి. థర్మామీటరు ఉంటే నడుమ గుడ్డు 71 డిగ్రీలు, మాంసం 74 డిగ్రీలు చూపాలి.

దేనితో తినాలని మీరు అడగలేదు కాని చెబుతాను. బ్రెడ్‌ను మైక్రోవేవ్‌లో వేడి చేస్తే తోలులా సాగుతుంది, దానిని చల్లగానే తినండి. నాకు నచ్చేది దిబ్బరొట్టె ముక్క. మీ వీధిలో సాయంత్రం దిబ్బరొట్టె వేసే బండి ఉంటే ఒక ముక్క ముందురోజే తెచ్చుకుని, పొద్దున తడిగుడ్డ కప్పి 20 సెకన్లు వేడి చేయండి. ఆ మినప రుచికి ఈ ఉప్పటి గుడ్డు బాగా కుదురుతుంది.

సమయం కలిసి రావాలంటే మాంసం, ఉల్లి, పచ్చిమిర్చి రాత్రే తరిగి కప్పులో వేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దున ఓవెన్ పని, ఆగే నిమిషాలు కలిపి ఐదు నిమిషాలు దాటదు. తిన్న వెంటనే కప్పులో చన్నీళ్లు పోసి వదలండి. వేడినీళ్లు పోస్తే అంటుకున్న గుడ్డు ఇంకా గట్టిపడుతుంది.

మీ మిత్రుడి కప్పును కూడా పక్కనే పెడితే ఉన్న శక్తిని రెండు కప్పులూ పంచుకుంటాయి, సమయం దాదాపు రెట్టింపవుతుంది, పైగా ఒకటి ముందు, ఒకటి వెనుక ఉడుకుతుంది. మాంసం వేడి చేసే మొదటి విడతకు మాత్రం రెండు కప్పులూ కలిపి 70 సెకన్లు పెట్టవచ్చు. గుడ్లు పోశాక ఒక్కొక్కటిగానే చేయండి: మీ కప్పు మూత కింద ఆగే ఆ నిమిషంలో ఆయన కప్పు ఓవెన్‌లో ఉంటుంది, ఇద్దరి మధ్య తేడా నిమిషంన్నరకు మించదు.